లెక్కల పుస్తకంలో మనిషికో పేజీ



ఉగాది దగ్గర పడింది. ఖమ్మం జిల్లాలో, మా తిరుమలాయపాలెం మండలంలో, ఇది లెక్కలు తేల్చుకునే కాలం. రైతుల దగ్గర జీతానికి ఉన్నవాళ్లకు ఉగాదితో ఏడాది నిండుతుంది. కౌలు మాట ఉగాదికే మళ్లీ మాట్లాడుకుంటాం. ఎరువుల కొట్లో ఖాతా, కమీషన్ దుకాణంలో తెచ్చిన పెట్టుబడి, దాని మీద వడ్డీ, చుట్టాల దగ్గర తెచ్చిన చేబదుళ్లు, చిట్టీలో మిగిలిన వాయిదాలు అన్నీ ఈ పదిహేను రోజుల్లోనే బయటికొస్తాయి. పండగనాడు గుడి దగ్గర అయ్యగారు పంచాంగం విప్పి, ఏ రాశికి ఆదాయమెంతో వ్యయమెంతో, రాజపూజ్యమెంతో అవమానమెంతో చదువుతుంటే చెవులప్పగించి వింటాం. అదంతా రాబోయే ఏడాది సంగతి. గడిచిన ఏడాదికి పంచాంగం చదివేవాళ్లు లేరు. పోయిన ఉగాదికి నేనెట్లా ఉన్నాను, ఈ ఉగాదికి ఎట్లా ఉన్నాను, నడుమ ఎవరి వల్ల ఏం మారింది అని ఎవరూ అడగరు. మనమూ అడగం.

నేను మిరప వేసే రైతును. మా ఊరి మహిళా సంఘాల లెక్కలు కూడా నేనే రాస్తాను. పొదుపు ఎంత పోగైంది, అప్పు ఎవరికిచ్చాం, వడ్డీ ఎంత వచ్చింది, బ్యాంకు వాయిదా ఎప్పుడు కట్టాలి, ఇవన్నీ నా చేతి మీదుగానే పోతాయి. ఆ పుస్తకం తెరిస్తే ప్రతి పేరు పక్కనా అంకెలే. ఫలానా ఆమె అప్పు తీర్చిందన్నది తెలుస్తుంది. ఆ అప్పు తీర్చిన ఏడాదిలో ఆమె ఎంత ఎదిగింది, దేనికి భయపడటం మానేసింది, ఏ పని కొత్తగా పట్టుబడింది అన్నది ఆ పుస్తకంలో ఎక్కడా దొరకదు.

2024 నవంబరు 6 నుంచి రాష్ట్రమంతా ఇంటింటి కుటుంబ సర్వే జరిగింది, మీ ఇళ్లకూ వచ్చే ఉంటారు. మా ఇంటికి బడి పంతులమ్మ వచ్చింది. మొత్తం 75 ప్రశ్నలు. కులం, చదువు, భూమి, అప్పు, ఇల్లు డాబానా రేకులా, బండి ఉందా లేదా. అన్నీ అవసరమైన ప్రశ్నలే. మన బతుకు ప్రభుత్వానికి తెలియాలంటే అడగాల్సిందే. అరుగు మీద కూర్చుని నేను జవాబులు చెబుతుంటే మా అత్తమ్మ పక్కనుంచి, "అన్నీ అడిగినవు బిడ్డా, ఈ ఏడు ఎట్ల గడిచిందని అడగవా?" అంది. పంతులమ్మ కలం పక్కన పెట్టి, "అది ఫారంలో లేదమ్మా, అయినా నాకు చెప్పు" అంది. అత్తమ్మ చెప్పింది. పంతులమ్మ కూర్చుని అంతా వింది. ఆ రోజు ఇంకా ఎన్నో ఇళ్లు తిరగాల్సి ఉండి కూడా వింది.

ఆ రాత్రే సంఘం పుస్తకం చివర ఒక ఖాళీ కాగితం తీసి పైన నా పేరు రాసుకున్నాను. మూడు గళ్లు గీశాను. మొదటి గడిలో, ఈ ఏడు నాకు కొత్తగా వచ్చిన పని. రెండో గడిలో, అది ఎవరి దగ్గర నేర్చుకున్నానో. మూడో గడిలో, ఇంకా రానిది. రెండో గడి లేకపోతే మొదటి గడి నిలవదని నాకు గట్టి నమ్మకం. బస్టాండు కొట్లలో వ్యక్తిత్వ వికాసం పుస్తకాలు వేలాడుతుంటాయి. పొద్దున్నే లే, గురి పెట్టుకో, నిన్ను నువ్వు గెలువు అంటాయి. మంచి మాటలే. కాకపోతే మనిషిని ఒంటరిగా నిలబెట్టి మాట్లాడతాయి. నాకు ఈ ఏడు వచ్చిన పని ఏదీ ఒంటరిగా రాలేదు. అప్పుకు సాక్షి ఉన్నట్టే, నేర్చిన ప్రతిదానికీ ఒక మనిషి ఉన్నారు.

అత్తమ్మతో మొదలుపెడతాను. ఆమెకు అక్షరం రాదు. ఏడాదిని మాత్రం కార్తెల లెక్కన పొల్లుపోకుండా అప్పజెబుతుంది. ఆరుద్రలో నారు పోశాం, ఆశ్లేష పోతూ ఉండగా నాటాం, పుబ్బ కార్తె వచ్చీ రాగానే ఏరు మీద పడింది అంటుంది. ఆమె చెప్పే ఆ పుబ్బ కార్తె వాన క్యాలెండరులో 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1. మా కాకరవాయి వైపు, పైన మరిపెడ వైపు ఒక్క రోజులో 40 సెంటీమీటర్లు దాటి కురిసింది. వరంగల్ దిక్కు నుంచి మానుకోట మీదుగా వచ్చే ఆకేరు మామూలు రోజుల్లో మోకాటి లోతు దాటదు. ఆ రోజు ఒడ్డు ఏదో ఏరు ఏదో తెలియకుండా పోయింది. మా మండలంలో రాకాసి తండా నీళ్లలో మునిగింది. గింజలు, గొడ్లు, పిల్లల పుస్తకాలు, పెట్టెలో దాచుకున్న కాగితాలు ఏవీ మిగల్లేదు. కింద తీర్థాల సంగమేశ్వరుడి గుడి దగ్గర ఆకేరు మున్నేటిలో కలుస్తుంది. ఆ నీళ్లన్నీ కలిసి ఖమ్మం పట్నంలో మున్నేరు 36 అడుగుల దాకా లేచింది. ప్రకాశ్‌నగర్ వంతెన మీద చిక్కుకుపోయిన తొమ్మిది మందిని, హర్యానా నుంచి పొట్టకూటికి వచ్చిన ఒక జేసీబీ డ్రైవరు ప్రాణాలకు తెగించి ఒడ్డుకు చేర్చిన సంగతి మీ అందరికీ తెలుసు. పోతే నా ఒక్క ప్రాణం, వస్తే ఇంతమంది అనుకుని బండి వంతెన మీదికి నడిపిన మనిషి అతను. ఆ మనిషిది ఈ జిల్లా కాదు, ఈ భాష కాదు. నా పేజీలో రెండో గడిలో మొదట రాసుకున్నది అతన్నే. ఎదురుగా ఒక్కసారి కూడా చూడని మనిషి దగ్గర కూడా నేర్చుకోవచ్చు.

ఆకేటి ఒడ్డున మాది కౌలు చేను. మిరపకు ఎకరం పెట్టుబడి లక్షన్నర దాటుతుంది. నాటిన మొక్క అప్పుడప్పుడే వేరు పట్టుకుంది. వాన వెలిశాక చేను మీద ఇసుక మేట, మెలికలు తిరిగిన డ్రిప్పు పైపులు, ఎక్కడి నుంచో కొట్టుకొచ్చిన తాటి దుంగ. నాకు చేలోకి అడుగుపెట్టడానికి కాళ్లు రాలేదు. గట్టు దాకా పోయి వచ్చేసేదాన్ని. ఒక పొద్దున అత్తమ్మ నా చెయ్యి పట్టుకుని, "చూడకుండా ఎన్నాళ్లుంటవు కోడలా? పోయిందేందో ఉన్నదేందో తెలవొద్దా?" అని లోపలికి నడిపించింది. పల్లం వైపు తిప్పలేదు. ముందు మెరకకు తీసుకుపోయింది. అక్కడ కొన్ని సాళ్లు నిలబడి ఉన్నాయి. ఒక్కో మొక్క మొదట్లో మట్టి సర్ది, వేలితో నొక్కి, "ఇది బతుకుతది" అని ఒకదాన్ని, "దీన్ని వదిలెయ్" అని ఒకదాన్ని చెబుతూ పోయింది. సాలు చివరికొచ్చేసరికి నాకూ తెలిసిపోయింది, ఏ మొక్క బతుకుతుందో. ఆకు వాడిపోయినా కాండం పచ్చగా, గట్టిగా ఉంటే ఆశ ఉన్నట్టు. ఆకు పచ్చగా ఉన్నా మొదట్లో నల్లబడి మెత్తగా తగిలితే లేనట్టు. ఉత్తర కార్తెలో మళ్లీ నారు కొని పల్లంలో నాటాం.

అత్తమ్మ వయసులో ఉన్నప్పుడు మా ఊళ్లకు నీళ్లే లేవు. నాట్ల కాలంలో కృష్ణా వైపు వలసపోయి నడుం వంచి నాట్లేసి, గింజలు మూట కట్టుకుని వచ్చేవాళ్లు. పాలేరు చెరువు పక్కనే ఉన్నా మా మెట్టకు చుక్క ఎక్కేది కాదు. 2017 జనవరి 31న భక్త రామదాసు ఎత్తిపోతల మొదలయ్యాక పాలేరు నీళ్లు మా చేల మీదికి వచ్చాయి. 60 వేల ఎకరాలకని కట్టిన పథకం. నీళ్లు లేని కరువునూ, నీళ్లే మీద పడిన వరదనూ ఒకే చేలో చూసిన మనిషి ఆమె. ఆ రెండింటిలోనూ ఏం చెయ్యాలో ఆమెకు తెలుసు. నేను ఇన్నేళ్లు ఆమెతో ఒకే ఇంట్లో ఉండి, ఈ ఏడే ఆమె దగ్గర కూర్చుని అడిగాను, ఆమె చెప్పింది రాసుకున్నాను.

రామదాసు పేరు వచ్చింది కాబట్టి ఒక మాట. మా పక్కనున్న నేలకొండపల్లిలో పుట్టిన కంచర్ల గోపన్నే ఆయన. పాల్వంచ పరగణాకు తహసీల్దారు. అంటే ఆయనా లెక్కల మనిషే. పన్ను సొమ్ముతో భద్రాద్రి గుడి కట్టించి, లెక్క చెప్పలేదని గోల్కొండ చెరలో 12 ఏళ్లు ఉన్నాడు. ఆ చెరలో ఆయన పాడిన పాటల్లో ఒకదానిలో, ఏ నగకు ఎంత పెట్టానో, ఎవరికి ఏం చేయించానో ఒక్కొక్కటే వరసగా రాముడికే అప్పజెబుతాడు. కోపంగా, కన్నీళ్లతో, హక్కుగా చెప్పుకున్న లెక్క అది. గోల్కొండ సుల్తాను అడిగిన లెక్క వేరు, ఆయన తన దేవుడికి చెప్పుకున్న లెక్క వేరు. మొదటిది ఖజానాలో ఎప్పుడో కలిసిపోయింది. రెండోదాన్ని మన అమ్మమ్మలు పొయ్యి దగ్గర పాడుకున్నారు.

ఇక అర్జీ సంగతి. వరద తర్వాత నష్టం రాయించుకోవాల్సిన రోజులవి. దెబ్బతిన్న పంటకు ఎకరానికి 10 వేలు ఇస్తామని ప్రభుత్వం ప్రకటించింది. అర్జీ అంటే మా ఇళ్లలో మగవాళ్ల పని, లేకపోతే డబ్బులిచ్చి రాయించుకునే పని. మా సంఘంలో ఇంటర్ చదివిన ఒక కోడలుపిల్ల ఉంది. నేను కాగితం ముందు పెట్టుకుని, పంట ఎట్లా పోయిందో, మా కష్టం ఎట్లాంటిదో పేజీ నిండా రాస్తే అది చదివి, "ఏడుపు రాయొద్దు పెద్దమ్మా, కొలత రాయి" అంది. సర్వే నంబరు, ఎన్ని ఎకరాలు, ఏ పంట, ఎప్పుడు నాటింది, ఎంత మేర ఇసుక పడింది, ఫొటో ఏ తారీఖుది, ఏం కోరుతున్నాం. అంతే. అర పేజీ. ఆ అర పేజీకి ఎంత బలం ఉందో ఆ రోజు తెలిసింది. కాగితం పట్టుకుని బల్ల ముందు నిలబడితే గొంతు వణకలేదు, ఎందుకంటే చెప్పాల్సిందంతా కాగితంలోనే ఉంది. ఆ తర్వాత తండా ఆడవాళ్లవి నేనే రాసిచ్చాను. కాగితాలన్నీ ఏటిలో పోయినవాళ్లు ముందు ఆధార్ నకలు తెచ్చుకోవాలి, దానికి వేరే అర్జీ. అదీ నేర్చుకున్నాం.

జనవరి వచ్చేసరికి కాయ ఎరుపెక్కుతుంది. ఇక మార్చి చివరిదాకా మా చేలు మనుషులతో నిండి ఉంటాయి. భద్రాచలం అవతల చర్ల, దుమ్ముగూడెం వైపు నుంచి, ఇంకా పైన ఛత్తీస్‌గఢ్‌లో సుక్మా, బీజాపూర్ జిల్లాల నుంచి కోయవాళ్లు ముఠాలుగా మిర్చి ఏరడానికి వస్తారు. చేను పక్కనే పరదాలు కట్టుకుని, రాళ్ల పొయ్యి పెట్టుకుని ఉంటారు. పోయేటప్పుడు కొందరు కూలిలో కొంత ఎండుమిర్చిగానే తీసుకుపోతారు. ఖమ్మం మిర్చి అని చైనా దాకా పేరు తెచ్చుకున్న తేజ రకం వెనక ఈ అడవి మనుషుల వేళ్లున్నాయి. కారం మంటకు రాత్రిళ్లు నీళ్లలో పెట్టుకునే వేళ్లు. ఆ పనికి పిల్లలూ వస్తుంటారు. 2020 ఏప్రిల్‌లో, లాక్‌డౌన్‌లో, ములుగు జిల్లా మిరప చేల నుంచి అడవి దారిన నడిచి బయల్దేరిన బీజాపూర్ జిల్లా పన్నెండేళ్ల పాప మూడు రోజులు నడిచి, సొంతూరు దగ్గర పడుతుండగా ప్రాణం విడిచింది. మిర్చి పండించే ఏ రైతూ ఆ పాపను మరచిపోకూడదు. మా చేలో పిల్లల చేత ఏరించేది లేదని ముఠా మేస్త్రికి ముందే చెప్పాం. పిల్లలు పరదా నీడలో ఆడుకుంటారు, మధ్యాహ్నం మా ఇంటి అన్నం తింటారు.

ఈ ఏడు వచ్చిన ముఠాలో ఒక బాలింత ఉంది. కొంగుతో పిల్లను వీపుకు కట్టుకుని ఏరేది. కూలి కిలోల లెక్క కాబట్టి ఎవరి బస్తా వాళ్లదే. పిల్ల ఏడిస్తే ఆమె సాలు మధ్యలో కూర్చుండిపోయేది. మిగతావాళ్లు ఆమెను దాటుకుంటూ పోతూ, అడగకుండానే, మాట్లాడకుండానే, ఒక్కొక్కరు రెండు గుప్పిళ్లు ఆమె గంపలో వేసి పోయేవాళ్లు. అందరికన్నా చురుకైన చెయ్యి ఉన్న పిల్ల మరీ ఎక్కువ వేసేది. సాయంత్రం కాటా దగ్గర బాలింత బస్తా మిగతావాళ్లతో సమానంగా తూగేది. అట్లా ఎందుకని ఎవరినీ అడగలేదు నేను. అడిగితే వాళ్లకు ఆ ప్రశ్నే అర్థమయ్యేది కాదనిపించింది. సంఘం అంటే పంచసూత్రాలని, సమావేశం, పొదుపు, అంతర్గత అప్పు, తిరిగి చెల్లింపు, పుస్తకాల నిర్వహణ అని నేను ఎన్నోసార్లు చదివి వినిపించాను. ఆ చేలో చూసింది ఆ అయిదింటికీ కింద ఉండాల్సిన పునాది. ఫిబ్రవరి సమావేశంలో ఈ సంగతి చెప్పాను. వరదకు చేను మొత్తం పోయిన ఒక సభ్యురాలి వాయిదా ఆ నెల మిగతావాళ్లం తలా కొంత వేసి కట్టాం. ఆమె దాన్ని అప్పుగా రాయమంది. రాశాను. వడ్డీ గడి ఖాళీగా వదిలాను.

ఆ ముఠాలోనే నా వయసున్న ఒకావిడ ఉంది. రోజూ కాటా అయ్యాక మేస్త్రి చీటీలో రాస్తుంటే పక్కనే నిలబడి తొంగి చూసేది. ఒకరోజు నా దగ్గరికొచ్చి, "అక్కా, నా అంకె నాకు చూపించు" అంది. యూరియా బస్తా వెనక్కి తిప్పి, బొగ్గుతో సున్నా నుంచి తొమ్మిది దాకా రాశాను. రోజూ పొయ్యి ఆరాక కూర్చునేది. నాలుగుకూ తొమ్మిదికీ ఆమెకు కొన్నాళ్లు తేడా దొరకలేదు. తర్వాత దొరికింది. సంక్రాంతి పోయి మాఘం వచ్చేసరికి రోజువారీ కిలోలు ఒకదాని కింద ఒకటి వేసి కూడటం వచ్చింది. మేస్త్రి లెక్కా ఆమె లెక్కా సరిపోయిన రోజున పరదాలన్నింటి దగ్గరా తిరిగి చెప్పుకొచ్చింది. ఆమె నాకు అడవి దుంపలు ఉడకబెట్టే విధం, పాము తిరిగే జాడ, దాహం ఆపుకోవడానికి నమలాల్సిన ఆకు చూపించింది. ఎవరు ఎవరికి ఎక్కువ బాకీ ఉన్నారో నేను తేల్చలేను.

ఇప్పుడు మార్కెట్ సంగతి. నారు పోసిన రోజు నుంచి కల్లంలో తాలు ఏరేదాకా మిరప మా ఆడవాళ్ల చేతుల మీదే నడుస్తుంది. బస్తా బండెక్కాక మాత్రం మేం కనిపించం. ఖమ్మం యార్డుకు పోయేది మగవాళ్లు. డబ్బు వాళ్ల చేతికొస్తుంది, రేటు వాళ్ల నోటి నుంచి మాకు తెలుస్తుంది. 2025 ఫిబ్రవరిలో మా ఆయనకు జ్వరం తగిలింది. సరుకు ఆపితే తేమ పడుతుంది. రాత్రి బండితో నేనే పోయాను. మా ఆయన దుప్పటి కప్పుకునే, ఏ గేటు దగ్గర చీటీ తీసుకోవాలో, ఎక్కడ దించాలో పూసగుచ్చినట్టు చెప్పాడు. ఆయన పేరూ రెండో గడిలో ఉంది.

తెల్లారి జెండా పాట అయింది. ఆ రోజుకు అదే పై ధర. తర్వాత వ్యాపారులు ఒక్కో రైతు సరుకు దగ్గరికీ వచ్చి, బస్తా కోసి, గుప్పెడు తీసి, తొడిమ చూసి, కాయ విరిచి గింజ చూసి, రేటు చెబుతారు. అంతకు ముందు ఏడు దాదాపు 20 వేలు పలికిన తేజ క్వింటా అప్పుడు 14 వేలకు అటూ ఇటూ ఊగింది. పక్క ఆంధ్రలో ధర మరీ పడిపోయి, ఆ ఫిబ్రవరిలోనే కేంద్రం మార్కెట్ జోక్యం కింద క్వింటాకు 11,781 రూపాయలని ప్రకటించాల్సి వచ్చింది. మా సరుకు దగ్గరికి వచ్చిన ఒకాయన జెండా ధరకు బాగా తక్కువ చెప్పి, తాలుంది అన్నాడు. నాకు నోరు పెగల్లేదు. పక్క కుప్ప మానుకోట వైపు ముసలి రైతుది. ఆయన మెల్లగా, "అమ్మా, తాలు ఏరింది నువ్వేనా?" అని అడిగాడు. నేనే అన్నాను. "అయితే ఏ బస్తా కోయాలో నువ్వే చెప్పు" అన్నాడు. అంతే. నేను ఇంకో బస్తా మూతి విప్పి పరదా మీద కుమ్మరించాను. కాయ గలగలమంటూ జారింది. ఒక్కటి కూడా తెల్లకాయ లేదు. గుప్పెడు తీసి వ్యాపారి చెవి దగ్గర ఊపాను. ఇది రెండో కోత కాయ, ఎండ మీద ఇన్ని రోజులు తిప్పాం, మంచు పడకుండా రాత్రిళ్లు కప్పాం అని చెప్పాను. రేటు కాస్త పెరిగింది. నేనడిగినంత కాదు. అమ్మకం చీటీ, అదే తక్‌పట్టీ, రాసేటప్పుడు రైతు పేరు దగ్గర నా పేరు రాయించాను. ఆ కాగితం అత్తమ్మకు ఇచ్చి వేలితో నా పేరు ఎక్కడుందో చూపించాను. ఆమె దాన్ని దేవుడి పటం వెనక పెట్టింది.

మార్చి సమావేశంలో సంఘంలో అందరినీ అడిగాను, ఒక్కొక్కరూ ఈ ఏడు కొత్తగా వచ్చింది ఒకటి చెప్పండి అని. మాకేమొచ్చింది, పోయినవే ఉన్నాయి అన్నారు. పోయినవే చెప్పారు, చాలాసేపు. అది ఆపకూడదు. పోయింది చెప్పుకున్నాక గానీ వచ్చింది గుర్తుకు రాదు. అప్పుడొకామె, భర్త పోయాక చీకటి పడితే ఇంట్లో ఒంటరిగా పడుకోలేకపోయేదాన్ని, ఇప్పుడు పడుకుంటున్నాను అంది. ఇంకొకామె బీపీ మాత్ర మానకుండా వేసుకుంటున్నాను అంది. అరవై దాటిన ఒక పెద్దమ్మ బస్సు బోర్డు చదవడం నేర్చుకున్నానంది. 2023 డిసెంబరు 9 నుంచి ఆర్టీసీలో ఆడవాళ్లకు టికెట్ లేదు కదా, డబ్బు అడగాల్సిన పని లేకపోయేసరికి మనవరాలి చేత అక్షరాలు దిద్దించుకుని, ఖమ్మం, కొత్తగూడెం, భద్రాచలం అన్న మూడు పేర్లు గుర్తుపట్టడం నేర్చుకుంది. ఒక్కతే భద్రాచలం వెళ్లి గోదావరిలో మునిగి వచ్చింది. జీవితంలో మొదటిసారి ఎవరి వెంటా కాకుండా ఒక ఊరికి వెళ్లానని చెబుతూ ఉంటే ఆమె ముఖం చూడాల్సింది.

ఇట్లాంటి మాటలు చిన్నవిగా తీసిపారేయడానికి లేదు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు రాత్రి బడిలో అక్షరాలు దిద్దారు. పాఠంలో సారా వల్ల చెడిన సంసారం కథ వస్తే అది తమ కథే అనుకున్నారు, సారా దుకాణం మూయించారు. ఆ ఆడవాళ్లను ముందుండి నడిపిన రోశమ్మ పేరు మన తరం వాళ్లకు తెలుసు. అక్కడ రాజుకున్న పోరాటం ఉమ్మడి రాష్ట్రమంతా అంటుకుని, 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. పలక పట్టుకున్న ఏడాదికీ పోరాటానికి నిలబడిన ఏడాదికీ మధ్య దూరం చాలా తక్కువ. ఆ ఆడవాళ్లను ఎవరైనా ఏడాది చివర మీకేమొచ్చింది అని అడిగి ఉంటే, నాలుగక్షరాలు అని చెప్పి ఉండేవాళ్లేమో.

రాసుకోవడం గురించి కూడా చెప్పాలి. ఏనుగుల వీరాస్వామయ్య గారు 1830 మే 18న మద్రాసు నుంచి కాశీకి బయల్దేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి చేరారు. దారి పొడవునా చూసింది చూసినట్టు రాశారు. ఏ మజిలీలో నీళ్లు మంచివి, ఎక్కడ ఏ సరుకు దొరుకుతుంది, ఏ ఊళ్లో మనుషులు ఎట్లా ఉన్నారు. అదంతా ఊళ్లో ఉన్న మిత్రుడు శ్రీనివాస పిళ్లెకు తెలియజేస్తూ రాసింది. నాకు ఆ మిత్రుడి సంగతే ముఖ్యం అనిపిస్తుంది. వినే మనిషి ఒకరున్నారని తెలిస్తే కన్ను శ్రద్ధగా చూస్తుంది. అందుకే మా సంఘంలో అందరూ పేజీలు రాసుకోవడానికి ఇద్దరిద్దరు జతలయ్యారు. రాయడం రాని ఆమె చెబుతుంది, వచ్చిన ఆమె రాస్తుంది. నెలకోసారి పేజీ తెరుస్తాం. అత్తమ్మ పేజీ నేనే రాస్తున్నాను. మొదటి గడిలో ఆమె చెప్పింది, "కోడలు చెబితే వినుడు." రెండో గడిలో ఎవరి పేరు రాయమంటావంటే చాలాసేపు ఆలోచించి, పోయిన మా మామయ్య పేరు చెప్పింది. ఎందుకో చెప్పలేదు. రాశాను.

నా మూడో గడి పొడుగ్గానే ఉంది. గ్రామసభలో నిలబడితే ఇప్పటికీ మాట తడబడుతుంది. పెళ్లిళ్లకు పెట్టుపోతల దగ్గర ఇంత చాలు అని చెప్పడం రాలేదు. తామర పురుగు పూతలో కనిపిస్తే కొట్లో ఏ మందు ఇస్తే అది కొట్టడం కాకుండా, మందు డబ్బా మీద రాసింది చదివి మోతాదు తేల్చుకోవడం ఇంకా సగమే వచ్చింది. మట్టి పరీక్ష కార్డు చదవడం రాదు. వ్యవసాయ విస్తరణాధికారిని అడిగాను, రైతు వేదికలో ఒక పూట కూర్చోబెట్టి చెబుతానన్నారు. ఆ పూటకు సంఘం వాళ్లందరం పోతాం.

ఉగాది తర్వాత మొదటి పని మాత్రం ఖాయమైంది. శ్రీరామనవమి వస్తోంది. సంఘం ఆడవాళ్లం కొందరం కల్యాణానికి భద్రాచలం వెళ్తున్నాం. బోర్డు చదివే పెద్దమ్మే మాకు దారి చూపిస్తుంది. కల్యాణం చూశాక మిగతావాళ్లు వెనక్కి వస్తారు. నేనూ, ఇంటర్ చదివిన ఆ కోడలుపిల్లా చర్ల బస్సెక్కుతాం. చేలో బొగ్గుతో అంకెలు దిద్దిన ఆమె ఊరు అటే. ఏరుడు అయిపోయి ముఠా వెళ్లేనాటికి ఆమెకు కూడికలు వచ్చాయి, తీసివేతలు మిగిలిపోయాయి. మొత్తం కూలిలో ముందు తీసుకున్న అడ్వాన్సు పోను చేతికెంత రావాలో తేలాలంటే తీసివేత రావాలి. "మిగిలింది నేర్పడానికి మా ఊరు రా అక్కా" అని చెప్పి పోయింది. పలక, బలపాలు కొని సంచిలో పెట్టాను. పరదాల దగ్గర ఆమెతో కలిసి కూర్చున్న ఇంకో ఇద్దరూ నేర్చుకుంటామన్నారట, కబురొచ్చింది. ఇంకో రెండు పలకలు కొనాలి.